సెంట్లతో సహా

నాకు నోరెక్కువ. ఈ మాట కనిగిరిలో మా అమ్మ అనేది, ఒంగోలు హాస్టల్లో వార్డెన్ అనేది, ఆస్ట్రేలియాలో పెర్త్ వచ్చిన మూడో రోజుకే అమృతం ఆంటీ కూడా అనేసింది. కాదని నేనూ అనను. కానీ ఆ నోరు ఒకే ఒక్కసారి, అదీ సరిగ్గా రెండు వేల డాలర్లు చేజారిపోతున్న చోట, మూతపడింది. ఆ సంగతే చెబుతున్నాను.

అప్పుడు నేను అకౌంటింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ఆఖరి సంవత్సరం. హారిస్‌డేల్‌లో ఎలియాజర్ అంకుల్, అమృతం ఆంటీ వాళ్ళింట్లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. అంకుల్ బస్సు డ్రైవరు. ఆంటీ ఒక వృద్ధుల హోమ్‌లో వంట చేసేది. వాళ్ళదీ ప్రకాశం జిల్లాయే కాబట్టి వాళ్ళింట్లో కూడా యాస మారలేదు, తిట్లూ మారలేదు.

ఆ ఇంట్లో మొదటి సాయంత్రమే ఒక వింత చూశాను. ఆంటీ రెండు బకెట్లు, ఒక పెద్ద స్టీలు బిందె ట్యాపు కింద పెట్టి నింపి, మూతలు పెట్టి, వరసగా గోడకి చేర్చింది.

"ఏందాంటీ ఇది? ఇక్కడ ట్యాప్ ట్వంటీఫోర్ అవర్స్ వస్తది కదా?" అన్నాను.

"వస్తదిలే. నాకు నిద్ర రావాలి కదా" అంది.

వారం రోజులు ఆమెను ఆటపట్టించాను. ఎనిమిదో రోజు నేనూ ఒక బకెట్ కొని తెచ్చి ఆ వరసలో పెట్టాను. కనిగిరిలో మా వీధికి ట్యాంకరు వారానికి రెండుసార్లు వచ్చేది. బిందెల వరసలో నేను పడ్డ గొడవలకి లెక్కలేదు. నా నోరు పదునెక్కింది అక్కడే. అలాంటి చోట పుట్టినవాళ్ళకి నిండిన బకెట్ కనపడితే వచ్చే నిశ్చింత ఇంకెవరికీ అర్థం కాదు. అంకుల్‌కి అస్సలు కాలేదు. రాత్రిపూట బాత్రూముకి వెళ్తూ బిందెకు కాలు తగిలినప్పుడల్లా మా ఇద్దర్నీ కలిపి తిట్టేవారు.

ఆంటీకి ఉన్న రెండో వింత షేర్లు. కార్నబీ వాటర్ కంపెనీ అని ఒకటుంది. నూట ఇరవై ఏళ్ళ కిందట గనుల ఊళ్ళకి పైపులతో నీళ్ళు తోలడానికి పెట్టిన కంపెనీ. ఆంటీ పనిచేసే హోమ్‌లో ఒక ముసలాయన ఉండేవాడట. "మా నాన్న ఆ పైపులు వేశాడు, మా అమ్మ ఆ డివిడెండ్లతో మమ్మల్ని పెంచింది" అని రోజూ గంజి తాగుతూ చెప్పేవాడట. కరువొచ్చినా, యుద్ధమొచ్చినా ఆరు నెలలకోసారి ఆ కంపెనీ తన లాభంలోంచి ఒక్కో షేరుకి ఇన్ని సెంట్లని పంచుతూనే ఉంది, ఒక్కసారీ తప్పలేదు అనేవాడట. ఆంటీ ఆ మాట పట్టుకుని పదిహేనేళ్ళు జీతంలో మిగిలినదాంతో ఐదొందల చొప్పున ఆ షేర్లు కొంటూ పోయింది. మోకాళ్ళ నొప్పులొచ్చి పని గంటలు తగ్గించాక కొనడం ఆపింది. కంపెనీ నుంచి వచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉండేది. షేర్లు: 12,350. పాలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా కళ్ళబడి ఆ అంకె నాకు నోటికొచ్చేసింది.

"మీ ఆంటీ అందరిలా నీళ్ళు కొనుక్కోదమ్మా, నీళ్ళ కంపెనీనే కొనుక్కుంటది" అని అంకుల్ నవ్వేవారు. "వచ్చిన డివిడెండ్ కూడా మళ్ళీ అందులోకే పోస్తది. ఒక్క మంచి చీరన్నా కొనుక్కోదు."

నేను యూనిలో ఫైనాన్స్ పేపరు చదువుతున్న గర్వంలో ఉన్నాను. "ఆంటీ, ఇది ముసలోళ్ళ షేరు. గ్రోత్ లేదు, ఏం లేదు. పదేళ్ళయినా ధర పెరగదు" అని ఉపన్యాసం ఇచ్చాను.

ఆంటీ వంకాయలు కోస్తూ తల కూడా ఎత్తలేదు. "నీకు పెరగాలా, రావాలా?" అంది.

ఆరు నెలలు వాదించాను. చివరికి నేను పార్ట్‌టైమ్ చేసే చికెన్ షాపులో సంపాదించిన దాంట్లో ఐదొందలు పెట్టి నూట పాతిక షేర్లు నేనూ కొన్నాను. ఆ రోజు ఆంటీ నాకు చేపల పులుసు పెట్టింది. గెలిచిన మొహం దాచుకోవడానికి ప్రయత్నించింది గానీ దాగలేదు.

మార్చి మొదటి వారంలో నా మొదటి డివిడెండ్ వచ్చింది. షేరుకి ఎనిమిది పాయింట్ నాలుగు సెంట్లు. నూట పాతిక షేర్లకి పది డాలర్ల యాభై సెంట్లు. ఎక్కడో గనుల ఊరిలో ఎవరో స్నానం చేసి, ఎవరో బియ్యం కడిగి, ఎవరో మొక్కలకి పోసి, కనిగిరి పిల్లకి పది డాలర్లు పంపించారు. ఎందుకో ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

ఇక్కడే నేను తప్పు చేశాను.

మా తెలుగు క్రైస్తవ సహవాసం ప్రతి ఆదివారం మధ్యాహ్నం పియారా వాటర్స్ అనే పక్క పేటలో ఒక ప్రైమరీ స్కూలు హాల్లో జరిగేది. మా వైపు చర్చిల్లో ఉన్న అలవాటే అక్కడా ఉంది. కృతజ్ఞతార్పణ కవరు మీద పేరు, కారణం, మొత్తం రాసి వేస్తే, కార్యదర్శి వాటిని మైకులో చదువుతాడు. ఆ కార్యదర్శి మా ఎలియాజర్ అంకులే. బస్సులో స్టాపు పేరు చెప్పినట్టు ఒక్కొక్కటీ స్పష్టంగా చదివేవారు. ఫలానావారు కొత్త ఇల్లు కొన్నందుకు, రెండు వందలు. ఫలానావారి అబ్బాయి డ్రైవింగ్ టెస్ట్ పాసైనందుకు, యాభై. ఇక మొదటి జీతమైనా, తోటలో మొదటి కాపైనా మొత్తం దేవుడిదే. అందులో బేరం లేదు.

నేను పది డాలర్ల యాభై సెంట్లు కవరులో పెట్టాను. పద్ధతిగా అన్నీ రాశాను.

ఆ ఆదివారం అంకుల్ చదువుతున్నారు. "పేరు వద్దన్నారు, విద్యార్థి నిధికి, వెయ్యి ముప్ఫై ఏడు డాలర్ల నలభై సెంట్లు." ఈ కవరు మార్చిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి తప్పకుండా వచ్చేది. ఎప్పుడూ సెంట్లతో సహా ఉండేది. ఎవరో పాపం ముంత పగలగొట్టి వేస్తున్నారని కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు. తర్వాతి కవరు నాది. "జాక్లిన్, నీళ్ళ కంపెనీ షేర్ల మీద మొదటి డివిడెండ్ వచ్చినందుకు, పది డాలర్ల యాభై సెంట్లు."

హాలు మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. ముందు వరసలో యోగానంద్ గారు మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. అప్పుడు తట్టింది నాకు.

విద్యార్థి నిధికి అధ్యక్షుడు ఆయనే. ఆ నిధి నుంచి ఏటా ఒక విద్యార్థికి రెండు వేల డాలర్లు ఇస్తారు. ఆ ఏడు అడిగింది ఇద్దరం, నేనూ, డేనీ. నా ఆఖరి ఫీజుకి సరిగ్గా రెండు వేలు తక్కువ. మార్చి ముప్ఫై ఒకటిలోపు కట్టకపోతే యూని నా పేరు తీసేస్తుంది. పేరు పోతే వీసా పోతుంది. నాన్న అప్పటికే అమ్మగలిగినవన్నీ అమ్మేశారు. నిధి దరఖాస్తులో ఆస్తులు అనే గడి ఉంది. అందులో నేను 'లేవు' అని రాశాను. అబద్ధమాడాలని కాదు. ఆస్తి అంటే మా ఇంట్లో పొలం, ఇల్లు. అంతే. ఎడమవైపు ఆస్తులు, కుడివైపు అప్పులు అంటూ ఏడాదిన్నరగా పరీక్షలు రాస్తున్నదాన్ని, తెలుగులో ఆ మాట కనపడేసరికి మా తాతయ్య కళ్ళతో చదివేశాను.

వచ్చే ఆదివారం కమిటీ ముందుకి రమ్మన్నారు.

కమిటీ ఒకటో తరగతి గదిలో కూర్చుంది. పిల్లల కుర్చీలు కావడంతో యోగానంద్ గారి మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. పక్కన నోట్సు రాసుకుంటూ అంకుల్. మూలన టీ పోస్తూ ఆంటీ. తలుపు దగ్గర డేనీ. మంచివాడే. నర్సాపురం దగ్గర వాళ్ళ నాన్న రొయ్యల చెరువులు జబ్బొచ్చి పోయాయి. వాడు సాయంత్రాలు కారులో ఇంటింటికీ భోజనాలు అందిస్తూ చదువుకునేవాడు.

"అమ్మా జాక్లిన్, షేర్లున్నాయి నీకు. లేవని రాశావు" అన్నారు యోగానంద్ గారు.

"ఐదొందల డాలర్లవి అంకుల్. మర్చిపోయాను. సారీ."

"ఎంతన్నది కాదమ్మా పాయింట్. షేర్ మార్కెట్ అంటే జూదం. జూదం ఆడే పిల్లకి దేవుని బిడ్డల డబ్బు ఎట్లా ఇస్తాం? హౌ కెన్ వీ జస్టిఫై?"

నాకు కోపమొచ్చింది. "డేనీకి ఇరవై వేల డాలర్ల కారుంది అంకుల్."

"అది లోన్ మీదిది పాపం" అన్నారు. గదిలో అందరూ డేనీని చూసి అయ్యో అన్నట్టు తలలూపారు. నాకు అక్కడే అర్థమైంది. ఇరవై వేలు బాకీ ఉన్నవాడు పేదవాడు, ఐదొందలు దాచుకున్నది షావుకారు.

"ఒక పని చెయ్యి" అన్నారాయన. "అవి అమ్మేసి, ఆ రసీదు తెచ్చి చూపించు. అప్పుడు ఆలోచిస్తాం. ఈ నిధి ఎట్లా వచ్చిందో తెలుసా నీకు? ఒక్కొక్కరు చెమటోడ్చి ఇచ్చిన డబ్బు. ఇదిగో చూడు." ఫైలు తిప్పి నా ముందు పెట్టారు.

చూశాను. సహవాసం అమ్మిన బిర్యానీ డబ్బు అక్కడక్కడా వందా, రెండొందలు. మిగిలిందంతా ఆ పేరు వద్దన్న కవర్లే. ఈ మార్చి 1,037.40. పోయిన సెప్టెంబర్ 1,012.70. దాని పైన ఇంకోటి, ఇంకోటి. ఆరేళ్ళవి.

అకౌంటింగ్ చదివేవాళ్ళకి అదొక జబ్బు. సెంట్లు కనపడితే ఊరుకోలేం. మనుషులు ఇస్తే వెయ్యి ఇస్తారు, వెయ్యిన్నూరు ఇస్తారు. ఈ నలభై సెంట్లు ఎవరిస్తారు? మార్చి, సెప్టెంబర్. నా డివిడెండ్ వచ్చిందీ మార్చిలోనే. ఒళ్ళో ఫోను పెట్టుకుని వెయ్యి ముప్ఫై ఏడు నలభైని ఎనిమిది పాయింట్ నాలుగు సెంట్లతో భాగించాను. పన్నెండు వేల మూడొందల యాభై. శేషం లేదు. పోయిన సెప్టెంబర్‌లో కంపెనీ ఇచ్చింది ఎనిమిది పాయింట్ రెండు. నేను కొనేముందు చదివినదే. అదీ భాగించాను. మళ్ళీ పన్నెండు వేల మూడొందల యాభై.

తల ఎత్తాను. ఆంటీ టీ పోస్తోంది. కప్పు నిండినా పోస్తూనే ఉంది.

డివిడెండ్ అందులోకే పోస్తుందన్నారు అంకుల్. పోస్తే ఫ్రిజ్ మీద అంకె ఎప్పుడో పెరిగి ఉండాల్సింది. ఒక్క షేరూ పెరగలేదు. వచ్చింది వచ్చినట్టు, సెంట్లతో సహా, ఈ ఫైల్లో ఉంది. మైకులో చదివిన మొగుడికే తెలియదు. జూదం, జూదం అని యోగానంద్ గారు అంటున్న డబ్బుని ఆయనే ఆరేళ్ళుగా ప్రార్థన చేసి పంచుతున్నారు.

నోటి చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు. ఒక్క లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే చాలు. యోగానంద్ గారి మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటేనే హాయిగా ఉంది. రెండు వేలూ వస్తాయి, పరువూ వస్తుంది. లేచి నిలబడ్డాను కూడా.

అప్పుడు ఫైల్లో పక్క పేజీ కనపడింది. ఆరేళ్ళలో నిధి తీసుకున్న ఆరుగురి పేర్లు. అందులో నలుగురు ఆ పక్క హాల్లోనే ఉన్నారు. సెరీనా ఉంది. ప్రతి ఆదివారం ఆంటీ వండి తెచ్చే కూరలో కారమెక్కువైందని గొడవ పడుతుంది. ఆంటీ మెడ మీద చెయ్యేసి ఫొటోలు దిగుతుంది. నేను నోరు తెరిస్తే రేపటి నుంచి ఆ పిల్ల ఆంటీ కూరకి వంక పెట్టదు. వంగి దండం పెడుతుంది. ఆంటీకి దండాలు ఇష్టం ఉండవు. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

"షేర్లు అమ్మను అంకుల్" అన్నాను. "ఆస్తులు లేవని రాయడం మాత్రం నా తప్పే. నిధి డేనీకి ఇవ్వండి." బయటికొచ్చేశాను. బయట చెట్టు కింద నిలబడి ఎవరికీ వినపడకుండా కాసేపు తిట్టుకున్నాను. ఎవర్ని తిట్టానో నాకే తెలియదు.

ఇంటికొచ్చాక ఆంటీ నా గది గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నావి ఒక ఐదొందల షేర్లు అమ్మేస్తానే. రెండు వేలొస్తాయి. నీ ఫీజు కట్టు."

ఐదొందలు అమ్మితే ఏటా ఒక పిల్లకో పిల్లాడికో అంత తగ్గుతుంది. ఆమె ఆ లెక్క వేసుకునే అడుగుతోంది. నేను ఆ లెక్క తెలియనట్టు జవాబు చెప్పాలి.

"వద్దాంటీ. అది ముసలోళ్ళ షేరు. మీరేగా ముసలోళ్ళు, ఉంచుకోండి" అన్నాను.

"నోరు చూడు దీనికి" అని నవ్వబోయి ఏడ్చింది. కొంగుతో తుడుచుకుంది. "సరే, అట్టాగైతే పొద్దున ఐదున్నరకి లేవగలవా?"

మర్నాడే వాళ్ళ హోమ్ మేనేజర్‌తో మాట్లాడింది. కిచెన్లో గిన్నెలు కడగడానికి, గంజి వడ్డించడానికి మనిషి కావాలట. చికెన్ షాపు కంటే గంటకి ఆరు డాలర్లు ఎక్కువ. చికెన్ షాపు మానేసి, వీసా ఒప్పుకునే పని గంటలన్నీ అక్కడే చేశాను. యూని ఆఫీసులో కూర్చుని, నా నోటినంతా ఒక్కసారిగా ఉపయోగించి, ఆ రెండు వేలూ నాలుగు వాయిదాలు చేయించుకున్నాను. పొద్దున్నే బస్సులుండేవి కావు. అడక్కుండానే డేనీ వచ్చి మా ఇద్దర్నీ ఆ లోన్ కారులో దింపేవాడు. రెండో వారానికల్లా ఆ కారు మీద నాకున్న కోపం పోయింది.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు నెలలూ నా చదువు మొత్తంలో నేను బాగా సుఖంగా ఉన్న రోజులు. తెల్లారకముందే ఆంటీ గంజి కలుపుతూ పాత కీర్తనలు పాడేది. నేను గిన్నెలు కడుగుతూ శ్రుతి తప్పించేదాన్ని. వేడినీళ్ళు ధారగా చేతుల మీద పడుతుంటే ఇందులో నాదీ ఒక చుక్క ఉంది అనిపించేది. ఆ నీళ్ళు కార్నబీ వాళ్ళవి కూడా కావు. అయినా అనిపించేది.

ఆఖరి వాయిదా జూలైలో కట్టేశాను. సెప్టెంబర్‌లో రెండో డివిడెండ్ వచ్చింది. ఈసారి ఎనిమిది పాయింట్ ఆరు. నాకు పది డాలర్ల డెబ్భై ఐదు సెంట్లు. మొదటిది దేవుడిది, రెండోది నాది. ఖర్చు పెట్టుకున్నా ఎవరూ ఏమనరు.

ఆ ఆదివారం ఆంటీ పక్కనే కూర్చున్నాను. అంకుల్ మైకు సర్దుకున్నారు.

"పేరు వద్దన్నారు, విద్యార్థి నిధికి, వెయ్యి అరవై రెండు డాలర్ల పది సెంట్లు."

ఆంటీ పాటల పుస్తకంలోకి చూస్తోంది. ఆ ముఖంలో ఏమీ తెలియదు.

"ఇది కూడా పేరు వద్దన్నారు, విద్యార్థి నిధికే" అని అంకుల్ కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "పది డాలర్ల డెబ్భై ఐదు సెంట్లు. దేవునికి స్తోత్రం, సెంట్లతో ఇచ్చేవాళ్ళు ఇద్దరయ్యారు."

హాలు నవ్వింది. యోగానంద్ గారు కూడా ఈసారి నవ్వారు. ఆంటీ నవ్వలేదు. పుస్తకం మూసి, మెల్లగా నా వైపు తిరిగింది. నా షేర్లెన్నో ఆమెకి తెలుసు, ఆ నెల షేరుకి ఎంతో కూడా తెలుసు. కాగితం అక్కర్లేకుండా లెక్క కట్టుకుంటున్న ఆ కళ్ళని నేను చూస్తూనే ఉన్నాను.

"ఎప్పటి నుంచి తెలుసే నీకు?" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

"మార్చి నుంచి."

"ఆ ఒకటో క్లాసు రూములోనా?"

తలూపాను.

"మరి చెప్పలేదేం? రెండు వేలు పోతుంటే?"

"చెబితే ఈ సెరీనా వాళ్ళంతా మీ కూర బాగుందని అబద్ధాలు చెప్పాల్సి వస్తది కదాంటీ."

పాట మొదలైంది, అందరూ లేచారు. మేమూ లేచాం. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. గిన్నెలు కడిగి కడిగి గరుకెక్కిన చెయ్యి ఆమెది, నాదీ అలాగే తయారైంది.

"నోరెక్కువని అనవసరంగా అన్నానే నిన్ను" అంది.